గేట్ పాస్ ఉన్న ప్రతి చేతికీ ఓటు

ప్రభుత్వ రంగంలో యూనియన్లు ఉండాలా, ఉంటే వాటి మాటకు ఎంత విలువివ్వాలి అన్న ప్రశ్న విశాఖపట్నం వన్ టౌన్‌కు పాతదే. 1933లో పోర్టు తెరిచిన నాటి నుంచి ఈ పాతపట్నం సంపాదన చాలావరకు ఆ గేట్ల చుట్టూనే తిరిగింది. పాత పోస్టాఫీసు పరిసరాల్లో షిప్పింగు, క్లియరింగు ఆఫీసులు నడుపుకునేవాళ్లకు పోర్టు ఒకలా కనిపిస్తుంది. కోటవీధిలోనో బురుజుపేటలోనో పోర్టు పింఛను మీద బతికే ఇళ్లకు ఇంకోలా కనిపిస్తుంది. స్టీల్ ప్లాంటు ఊరికి అవతలి కొసన ఉన్నా అక్కడ జీతాలు ఆగితే ఆ వేడి ఇక్కడి కొట్లకూ తగులుతుంది.

ఆ రెండు చూపుల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడానికే ఈ సంవాదం. ఒకరు కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు. రెండోవారు పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన, యూనియన్ వ్యవహారాల్లో తలపండినవారు. మనుషులిద్దరూ కల్పితం, వాళ్లు చెప్పే సంవత్సరాలు, చట్టాలు, సంఘటనలు నిజం. నేను పెద్దాయన పక్షం. అయితే ఏజెంటు అడిగే ప్రశ్నల్లో ఒకదానికి కార్మిక సంఘాలు ఇప్పటిదాకా సరైన జవాబు ఇవ్వలేదనీ, అది ఇవ్వనంతకాలం ఈ పక్షం జనం ముందు గట్టిగా నిలబడలేదనీ నా నమ్మకం.

ఏజెంటు: బాబాయ్ గారూ, నేను యూనియన్లకు పగవాణ్ణి కాను. ప్రైవేటు ఫ్యాక్టరీలో కార్మికులు సంఘం పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు. వాళ్లు అడిగేది యజమాని లాభంలో వాటా. మరీ లాగితే కంపెనీ మూతపడుతుందని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగుతారు. ప్రభుత్వ రంగంలో ఆ భయం ఎవరికీ లేదు. బల్లకు ఇటు యూనియన్, అటు వచ్చే ఎన్నికల్లో వాళ్ల ఓట్లు కావలసిన మంత్రి. బిల్లు కట్టేవాడు మాత్రం ఆ గదిలోనే ఉండడు. కార్మికులకు అండగా నిలిచాడని పేరున్న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కూడా 1937లో, యూనియన్ బేరసారాల పద్ధతిని ఉన్నదున్నట్టు ప్రభుత్వోద్యోగంలోకి తేవడం కుదరదని రాశాడు. మన సంగతే చూడండి. 2024 మార్చి నెలాఖరుకు స్టీల్ ప్లాంటు నికర విలువ మైనస్ 4,538 కోట్ల రూపాయలు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అది ఎవరి సొమ్ము? కురుపాం మార్కెట్‌లో జీఎస్టీ కట్టే కొట్టాయనది కూడా. ఆయనకు ఏ కమిటీలో కుర్చీ వేశారు?

పెద్దాయన: అడగాల్సిన ప్రశ్నే బాబూ, దాని దగ్గరకు మళ్లీ వద్దాం. కానీ బల్లకు అటు కూర్చున్న మనిషిని నువ్వు సగమే చూశావు. ప్రైవేటు యజమాని చేతిలో డబ్బుంటుంది. ప్రభుత్వం చేతిలో డబ్బుతోపాటు చట్టం, ఆర్డినెన్సు, పోలీసు కూడా ఉంటాయి. 2003లో తమిళనాడు ప్రభుత్వం సమ్మె చేసిన సుమారు లక్షా డెబ్బైవేల మంది ఉద్యోగులను ఒక్క వేటున తీసేసింది. ఆ తగవు సుప్రీంకోర్టుకు వెళ్తే, రంగరాజన్ కేసులో కోర్టు ఎక్కువమందిని తిరిగి తీసుకునే దారి చూపింది గాని, ప్రభుత్వోద్యోగికి సమ్మె హక్కు ప్రాథమిక హక్కుగా లేదు, చట్టపరంగా లేదు, నైతికంగానూ లేదని తేల్చింది. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అమ్మాయిల సంగతి అంతకన్నా దారుణం. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. జీతం పెంచమంటే, మీది గౌరవ వేతనం, మీరు ఉద్యోగుల లెక్కలోకి రారు అన్న మాట ఏళ్ల తరబడి వింటున్నవాళ్లు వాళ్లు. పని ఆపేసరికి 2024 జనవరిలో అదే ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా పెట్టింది. వేతనం దగ్గర ఉద్యోగి కాదు, శిక్ష దగ్గర అత్యవసర సర్వీసు. ఏ ప్రైవేటు యజమానికి ఈ వెసులుబాటు ఉంది? ఇంత బలం ఉన్నవాడి ముందు ఒక్కో మనిషి విడివిడిగా నిలబడాలనడం న్యాయమా?

ఇక ప్లాంటు నష్టాలు. మిగతా పెద్ద ఉక్కు కంపెనీలకు సొంత ఇనుప గనులున్నాయి, మనకు లేవు. ముడిఖనిజం బయట ధరకు కొనాలి, విస్తరణకు తెచ్చిన అప్పు మీద వడ్డీ కట్టాలి. గని ఇవ్వకూడదని నిర్ణయించింది కార్మికుడా? అప్పు తెమ్మన్నది కార్మికుడా? 2021 జనవరి 27న నూటికి నూరు శాతం వాటాలు అమ్మేద్దామని కేబినెట్ కమిటీ తీర్మానించినప్పుడు ప్లాంటులో చెమటోడ్చేవాళ్లను పిలిచి అడిగినవాళ్లెవరు? ఆ మాట టీవీలో విన్నారు. ఫిబ్రవరి 12 నుంచి కూర్మన్నపాలెం జంక్షన్లో టెంటు వేసుకుని రిలే దీక్షలకు కూర్చున్నారు. పై నిర్ణయాల్లో చోటు లేనివాడి తలమీద నష్టం మాత్రం పెడుతున్నాం.

ఏజెంటు: సరే, పై నిర్ణయాల తప్పు కార్మికుల మీద వెయ్యను. కింద జరిగేది చూద్దాం. ఓడ దగ్గర పని ఎలా నడుస్తుందో మీకు తెలియనిది కాదు. మన దేశంలోని పెద్ద పోర్టుల్లో గ్యాంగుకు ఇంతమంది ఉండాలన్న లెక్క మూటలు భుజాన మోసే రోజుల్లో వేసింది. క్రేన్లు, గ్రాబ్‌లు, కంటైనర్లు వచ్చాక కూడా అది చాలా ఏళ్లు కదల్లేదు. పని లేని మనిషి పేరు కూడా షీటులో పడేది. రోజుకు ఇంత సరుకు అని డేటమ్ పెట్టి, అది దాటితే ఇన్సెంటివ్ అన్నారు. ఆ డేటమ్‌ను పాత వేగానికే బిగించి ఉంచారు. అదీ చాలక స్పీడ్ మనీ. పక్కనే గంగవరంలో ప్రైవేటు పోర్టు వచ్చాక సరుకున్నవాళ్లు అటు చూశారంటే తప్పు ఎవరిది? ఎవరితోనైనా కూర్చుని మాట్లాడదామంటే పార్టీకో యూనియన్. ఒకరు ఒప్పుకున్నదాన్ని ఇంకొకరు కాదంటారు. కార్మికుడి మేలు కంటే వాళ్ల జెండా రంగు ముఖ్యమైపోయింది.

పెద్దాయన: స్పీడ్ మనీని నేను వెనకేసుకు రాను. అది లంచం. ఇచ్చే చెయ్యి ఒకటి, తీసుకునే చెయ్యి ఒకటి. నీ వ్యాపారంలోనూ ఆ ఇచ్చే చేతులున్నాయి. గ్యాంగు లెక్క సంగతి వేరు. అది ఎందుకు పుట్టిందో తెలియాలంటే డాక్ లేబర్ పూల్ రాకముందు డాకులో కళాసీకి పని దొరికే తీరు తెలియాలి. ఓడ వచ్చిందంటే తెల్లారకముందే గేటు దగ్గర చేరాలి. స్టీవ్‌డోర్ తరఫు మేస్త్రీ వరస చూసుకుంటూ పోతూ వేలు చూపినవాడికి ఆ పూట కూలి. మిగిలినవాళ్లు ఇంటిదారి పట్టడమే. వేలు చూపినందుకు మేస్త్రీకి కూలిలో వాటా. మేస్త్రీతో మాట తేడా వస్తే ఎన్ని ఓడలొచ్చినా వాడికి పని లేదు. 1948లో డాక్ వర్కర్ల చట్టం వచ్చాకే రిజిస్టరు, వంతుల ప్రకారం బుకింగు, ఓడ లేని రోజున హాజరు వేసుకున్నందుకు అటెండెన్స్ మనీ వచ్చాయి. ఆ చట్టం కింద పెట్టిన డాక్ లేబర్ బోర్డుల్లో ప్రభుత్వం, యజమానులు, కార్మికులు సమాన సంఖ్యలో కూర్చున్నారు. గ్యాంగు లెక్క ఆ భద్రతలో ఒక భాగం. క్రేన్ వచ్చాక దాన్ని మార్చాలా అంటే మార్చాల్సిందే. చివరికి మార్చారు కూడా. వీఆర్ఎస్‌లు ఇచ్చారు, ఇక్కడి డాక్ లేబర్ బోర్డును పోర్టులో కలిపారు. ఆ మార్పుల కాగితాల మీద కార్మికుల తరఫున సంతకం పెట్టింది యూనియన్లే. ఇంతమంది తగ్గుతాం, బదులుగా ఇది ఇవ్వండి అని చెప్పగల మనిషి లేకపోతే ఆ మార్పు గొడవలతోనో కోర్టులతోనో జరిగేది.

పార్టీకో యూనియన్ అన్నావు, అది నిజం. దాని మూలం చట్టంలో ఉంది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టరయ్యేది. ఆ సంఘాన్ని యాజమాన్యం గుర్తించి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. గుర్తింపు తప్పనిసరి చేస్తూ 1947లో సవరణ చేశారు, దాన్ని ఏనాడూ అమల్లో పెట్టలేదు. అంటే యాజమాన్యం తనకు నచ్చినవాళ్లను పిలిచి మాట్లాడవచ్చు. పిలవనివాళ్లు గేటు మూసి బలం చూపించాలి. ఈ జబ్బుకు మందు తెలుగు నేలమీదే దొరికింది. సింగరేణిలో 1990ల మొదట్లో ఏడాదికి వందల సమ్మెలు జరిగేవి. గనికో సంఘం, షాఫ్టుకో నాయకుడు. 1998లో రహస్య ఓటుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చీటికీమాటికీ పని ఆపే రోజులు బాగా తగ్గాయి. ఎవరితో మాట్లాడాలో యాజమాన్యానికి తెలిసింది, ఎవరిని నిలదీయాలో కార్మికుడికి తెలిసింది. 2012లో, 2017లో టీబీజీకేఎస్ అనే సంఘం గెలిచింది. 2023 డిసెంబరు 27న సుమారు నలభైవేల మంది ఓటర్ల ఎన్నికలో దాన్ని దించేసి ఏఐటీయూసీని గెలిపించారు. పని చెయ్యని సంఘాన్ని మార్చుకునే దారి ఉంటే జెండా రంగు ఏదైనా అది కార్మికుడికి భయపడుతుంది.

ఏజెంటు: సింగరేణి పేరెత్తారు కాబట్టి అక్కడే అడుగుతాను. ఆ ఓటరు జాబితాలో కాంట్రాక్టు కార్మికులు ఉన్నారా? లేరు. 2022 సెప్టెంబరులో వాళ్లు విడిగా సమ్మెకు దిగాల్సి వచ్చింది. మన స్టీల్ ప్లాంటులోనూ గుర్తింపు ఎన్నిక రహస్య ఓటుతోనే జరుగుతుంది, ఓటు మాత్రం పర్మినెంటువాళ్లకే. ఒకే విభాగంలో, ఒకే షిఫ్టులో, అదే వేడిలో పనిచేసే కాంట్రాక్టు మనిషికి లేదు. 2025లో వాళ్లను వేల సంఖ్యలో తగ్గించారు. వాళ్లకు తొలగింపు ఉత్తర్వు అంటూ ప్రత్యేకంగా ఏముంటుంది? గేట్ పాస్ ఆగిపోతే పని పోయినట్టే. మే నెలలో సమ్మెకు దిగారు. ఆ గుర్తింపు ఎన్నికలో వాళ్లకు ఓటే ఉండి ఉంటే పరిస్థితి అంతదాకా వచ్చేదా? ప్రభుత్వోద్యోగుల సంగతీ ఇంతే. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ మీద చలో విజయవాడ అంటే పోలీసుల్ని దాటుకుని రోడ్డంతా నిండారు. రెండు రోజుల తర్వాత రాత్రిపూట ఉద్యోగ సంఘాల స్టీరింగ్ కమిటీ ఒప్పందానికి ఒప్పుకుంది. మాకు సమ్మతం కాదని ఉపాధ్యాయ సంఘాలు తెల్లారి గొడవపెట్టాయి. నడిచొచ్చినవాళ్లు వేలు, ఒప్పుకున్నవాళ్లు కొందరు. ఆ ఒప్పందం మీద ఎవరు ఓటేశారు?

ఇంకో మాట కూడా. 1966 నవంబరు 1న ఈ ఊళ్లో పోలీసు కాల్పుల్లో పోయినవాళ్లు ప్లాంటు ఉద్యోగులు కారు. అప్పటికి ప్లాంటే లేదు. విద్యార్థులు, మామూలు జనం. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్నది అందరి నినాదం. ప్లాంటుకు భూములిచ్చిన 64 గ్రామాల్లో నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసి వయసైపోయినవాళ్లున్నారు. ఆ నినాదంలో వాళ్ల వంతెంత? లోపల ఉన్నవాళ్లు లోపలివాళ్ల కోసం పెట్టుకున్న సంఘాన్ని జనం సంఘం అనమంటే నేను అనలేను.

ఇక్కడ వాదాన్ని కాస్త ఆపి నా మాట చెప్పాలి. ఏజెంటు మొదట తెచ్చిన అభ్యంతరాలకు పెద్దాయన జవాబు చాలు. ఈ అభ్యంతరానికి చాలదు. ప్రభుత్వ రంగంలో పర్మినెంటు ఉద్యోగులు రిటైరవుతున్నకొద్దీ ఆ ఖాళీల్లోకి కాంట్రాక్టు మనుషులు వస్తున్నారు. 2001లో సుప్రీంకోర్టు, స్టీల్ అథారిటీ కేసులో, కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినచోట కూడా కార్మికులు దానంతటదే ప్రధాన యజమాని ఉద్యోగులైపోరని చెప్పింది. అంతకుముందు 1996లో ఇచ్చిన అనుకూలమైన తీర్పు దానితో పోయింది. అప్పటి నుంచి కాంట్రాక్టు కార్మికుడికి కోర్టు తలుపు సగం మూసుకుంది. యూనియన్ తలుపు తెరిచి ఉందా అంటే సభ్యత్వం ఇస్తారు, ఊరేగింపుకు పిలుస్తారు, కాంట్రాక్టు కార్మికుల కోసం విడిగా ఒక సంఘం కూడా పెడతారు. యాజమాన్యంతో కూర్చునే గుర్తింపు సంఘాన్ని ఎన్నుకునే ఓటు మాత్రం ఉండదు. దీనివల్ల నష్టపోయేది కాంట్రాక్టు మనిషి ఒక్కడే అనుకోవడం పొరపాటు. ఓటర్ల సంఖ్య ఏటా తరిగిపోయే సంఘం మాట యాజమాన్యం ఎన్నాళ్లు వింటుంది? పర్మినెంటు కార్మికుడి బేరం చేసే శక్తి కూడా ఆ పక్క మనిషి ఓటు మీదే ఆధారపడి ఉంది. కూర్మన్నపాలెం టెంటులో ఏఐటీయూసీ, సీఐటీయూ, ఐఎన్‌టీయూసీ నాయకులు ఒకే కమిటీగా కూర్చోగలిగారు. రంగుల తేడాని అలా దాటినవాళ్లు పర్మినెంటు-కాంట్రాక్టు తేడాని దాటలేరని నేను ఒప్పుకోను.

పెద్దాయన: ఆ ఓటు మా సంఘాలు ఎప్పుడో అడగాల్సింది. అడగకపోవడానికి కారణం భయం. కాంట్రాక్టువాళ్లకు ఓటొస్తే వాళ్ల సంఖ్య మమ్మల్ని ముంచేస్తుందన్న భయం. చట్టం ఒప్పుకోదు, వాళ్ల యజమాని కాంట్రాక్టరు కదా అని పైకి చెబుతాం. ఆ చట్టాన్నే విప్పి చూద్దాం. 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలో, కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలని ఉండేది. క్యాంటీను, తాగునీరు, ఫస్ట్ ఎయిడ్ కాంట్రాక్టరు పెట్టకపోతే ప్రధాన యజమాని పెట్టి ఆ ఖర్చు అతని దగ్గర వసూలు చేసుకోవాలనీ ఉండేది. కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ బాధ్యత ప్రధాన యజమానిదే. అంటే అన్నం దగ్గర, నీళ్ల దగ్గర, కూలి దగ్గర వాళ్లు ప్లాంటు మనుషులేనని చట్టమే ఒప్పుకుంటోంది. మరి జాబితా ఎలాగంటావా? ప్లాంటు లోపలికి అడుగుపెట్టాలంటే గేట్ పాస్ కావాలి. ఎవరు లోపలికి వెళ్లారో ఎవరు బయటికి వచ్చారో యాజమాన్యం దగ్గర లెక్క ఉంది. ఫలానా తేదీకి ముందు ఇన్ని నెలలు ఆ గేటులో హాజరున్న ప్రతి మనిషికీ ఓటు. కాంట్రాక్టరు మారినా మనిషి మారడు కాబట్టి ఓటూ మారకూడదు. ఎన్నిక ప్రకటించాక పాస్‌లు ఆపి ఓట్లు తగ్గించకుండా ఆ రోజుతో జాబితా ముగించాలి.

ఆర్-కార్డు సంగతి ఈ ఓటుతో తీరుతుందని నీకు మాయమాట చెప్పను. అది భూమి ఇచ్చినవాడికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న బాకీ. శాసనసభలో, పార్లమెంటులో తేలాలి. అక్కడ వాళ్లతో గొంతు కలపడం మాత్రం మా బాధ్యత, కలపనిచోట మమ్మల్ని అడుగు.

ఏజెంటు: బాగానే ఉంది బాబాయ్ గారూ. అందరికీ ఓటిస్తే సమ్మె కూడా అందరూ కలిసి చేస్తారు. కంటైనరు ఒక్కరోజు యార్డులో ఉండిపోతే అద్దె నేను కట్టాలి, నా పార్టీకి జవాబు నేను చెప్పాలి. సమ్మె చేసే మీకు హక్కుంది, దాని దెబ్బ తినే ఊరికి ఏ హక్కుంది? ఇప్పుడు కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. ఎక్కడైనా సమ్మెకు పద్నాలుగు రోజుల నోటీసు ఇవ్వాలి. 51 శాతం కార్మికుల మద్దతు ఉన్న యూనియనే మాట్లాడాలి. ఈ మాత్రం కట్టుబాటు చాలదా?

పెద్దాయన: నోటీసు ఇవ్వమంటే ఇద్దాం. పోర్టులాంటి చోట్ల ముందస్తు నోటీసు పాత చట్టంలోనూ ఉన్నదే. ఊరికి ముందు చెప్పకుండా పని ఆపడాన్ని నేను సమర్థించను. కానీ నోటీసు ఇచ్చాక ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి లేకపోతే ఆ పద్నాలుగు రోజులు దేనికి? యూనియన్లే లేకుండా చేస్తే ఏమవుతుందో పక్క రాష్ట్రం చూపించింది. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీలో 48 వేల మంది దాకా సమ్మెకు దిగితే, ముఖ్యమంత్రి వాళ్లు తమను తామే డిస్మిస్ చేసుకున్నారన్నారు. 52 రోజుల తర్వాత ఓడిపోయి వెనక్కొచ్చారు. ఆ మధ్యలో ఎన్ని ఇళ్లు చెడ్డాయో అందరికీ తెలుసు. తర్వాత యూనియన్లు వద్దని డిపోకు ఇద్దరి చొప్పున వెల్ఫేర్ కమిటీలు వేశారు. సమస్యలు తీరాయా? 2025 మే నెలలో మళ్లీ సమ్మె ముంగిటికి వస్తే ప్రభుత్వం పిలిచి మాట్లాడింది యూనియన్ల జేఏసీనే. ఎన్నికైన సంఘాన్ని ఐదేళ్లకు పైగా పక్కన పెట్టి, చివరికి ఎన్నిక లేని జేఏసీ దగ్గరకు రావాల్సి వచ్చింది.

51 శాతం అన్నది వినడానికి ప్రజాస్వామ్యంలాగే ఉంటుంది. సింగరేణిలో 2023లో గెలిచిన సంఘానికీ రెండో స్థానంలో వచ్చిన సంఘానికీ తేడా రెండువేల ఓట్లు కూడా లేదు, గెలిచినవాళ్లకు సగం ఓట్లు రాలేదు. మన శాసనసభ్యుల్లో ఎంతమంది 51 శాతం ఓటర్ల మద్దతుతో గెలిచారు? కోడ్ ప్రకారం అలాంటిచోట 20 శాతం చొప్పున మద్దతున్న సంఘాలతో కౌన్సిల్ వేస్తారు. అంటే ఎవరినీ నిలదీయలేని పాత రోజులు వెనక్కొస్తాయి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం ప్రభుత్వోద్యోగులకు బేరమాడే హక్కు 1959లోనే అందరికన్నా ముందు ఇచ్చింది. 2011లో అదే రాష్ట్రం దాన్ని చాలావరకు లాగేసుకుని, సంఘం నిలవాలంటే ఏటా మొత్తం ఉద్యోగుల్లో సగానికి పైగా ఓట్లు రావాలన్నది. ఓటెయ్యనివాడు వ్యతిరేకంగా వేసినట్టే లెక్క. ఆ లెక్క సంఘాన్ని పరీక్షించడానికి వేసింది కాదు, చంపడానికి వేసింది.

ఉక్కు గురించే మాట్లాడుకుంటున్నాం కాబట్టి జర్మనీ సంగతి కూడా విను. 1951లో అక్కడ బొగ్గు, ఉక్కు కంపెనీల పర్యవేక్షక బోర్డుల్లో సగం స్థానాలు కార్మికులవని చట్టం చేశారు. ఆ తర్వాత జర్మనీ ఉక్కు మూతపడలేదు. గనులు, కొలుములు మూసుకోవాల్సి వచ్చినప్పుడు కూడా ఎవరిని ఎక్కడ సర్దాలో ముందు కూర్చుని తేల్చుకున్నారు. మన రాజ్యాంగంలో 1976లో 43-ఎ అధికరణం చేర్చారు. పరిశ్రమల నిర్వహణలో కార్మికులకు భాగం ఇవ్వాలని దాని సారం. 2021 చట్టం ప్రకారం మన పోర్టు బోర్డులో ఉద్యోగుల తరఫున ఇద్దరు ఉండాలి. స్టీల్ ప్లాంటు బోర్డులో ఆ కుర్చీయే లేదు. ప్రభుత్వ బ్యాంకుల్లో ఉన్న కుర్చీలను 2014 తర్వాత ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచారు.

వాదం ఇక్కడితో ఆగినా, ఏజెంటు మొదట అడిగిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. పన్ను కట్టే కొట్టాయనకు ఏ కమిటీలో కుర్చీ ఉంది? ఆయన కుర్చీ ఆయన ఎన్నుకున్న చట్టసభలో ఉంది. అది ఖాళీగా కనిపించడానికి కారణం, ఒప్పందాలు రాత్రిపూట గదుల్లో కుదిరి పొద్దున పత్రికల్లో రావడం. జీతాల ఒప్పందం ముసాయిదాను దాని ఖర్చు లెక్కతో సహా సంతకానికి ముందే బయటపెడితే కొట్టాయన చదువుతాడు, శాసనసభ్యుణ్ణి అడుగుతాడు. అదే ముసాయిదాను కార్మికుల ఓటుకూ పెడితే 2022 ఫిబ్రవరిలో జరిగినట్టు, ఒకరు ఒప్పుకున్నారని మరొకరు రోడ్డెక్కే పరిస్థితి రాదు. జనం సొమ్ముతో నడిచే సంస్థలో రహస్యంగా ఉండాల్సింది ఓటు ఒక్కటే. ఒప్పందం కాదు. ఈ విషయంలో ఏజెంటుకూ పెద్దాయనకూ తగవుపడాల్సిన అవసరమే నాకు కనిపించడం లేదు.

తాను ఓటు అడగనివాళ్ల తరఫున మాట్లాడే హక్కు ఏ సంఘానికీ లేదు. ఓటుతో గెలిచిన సంఘంతో మాట్లాడకుండా తప్పించుకునే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు. ఈ రెండింటిలో మొదటిది సంఘాల చేతిలోనే ఉంది, దానికి ఢిల్లీ అనుమతి కోసం ఆగక్కర్లేదు. స్టీల్ ప్లాంటులో తర్వాతి గుర్తింపు ఎన్నికకు నోటిఫికేషన్ రాకముందే అన్ని యూనియన్లూ కలిసి, గేట్ పాస్ ఉన్న ప్రతి కార్మికుడికీ ఓటివ్వమని యాజమాన్యానికీ కేంద్ర లేబర్ కమిషనరుకూ రాతపూర్వకంగా అడగాలి. కాదంటే ఎందుకు కాదో వాళ్లనే రాతలో చెప్పమనాలి. ఈలోగా తమ ఆఫీసులోనే పెట్టెలు పెట్టి, పర్మినెంటు, కాంట్రాక్టు తేడా లేకుండా ఓటు వేయించి ఆ లెక్క ఊరి ముందు పెట్టవచ్చు. వన్ టౌన్‌లో చందా పుస్తకం పట్టుకుని మీ కొట్టుకు ఏ యూనియన్ వచ్చినా, ఏ పార్టీ అని అడగకండి. కాంట్రాక్టువాళ్లకు ఓటు అడుగుతూ మీ సంఘం ఉత్తరం రాసిందా అని అడగండి.